విల్లో బెండ్‌లో వాన

ఆమని ఆరు నెలలు కష్టపడి తెప్పించిన తొలి కంటెయినర్‌ను దేవేందర్ ముక్కుతో తిరస్కరించాడు.

అక్షరాలా ముక్కుతోనే. గడ్డి బేలు ఒకటి కిందికి దింపించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పెడు లాగి వాసన చూశాడు. తర్వాత ఫోర్క్‌లిఫ్ట్ మీదున్న షాహుల్ భాయ్‌తో, "పక్కకు పెట్టు భాయ్, వాపస్" అన్నాడు.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఆ కంపెనీ పని ఒంటెలకూ పాడి ఆవులకూ మేత అమ్మడం. ఎడారిలో అంత గడ్డి ఎక్కడ మొలుస్తుంది? అమెరికా నుంచి ఓడల్లో వస్తుంది. కొనే సీటు మేడమీద ఆమనిది. వచ్చినదాన్ని పరీక్షించి దింపించుకునే పని కింద గోడౌన్‌లో దేవేందర్‌ది. మధ్యలో ఇరవై రెండు మెట్లు. ఆ రోజు ఆమని వాటిని ఎన్ని అంగల్లో దిగిందో ఆమెకే తెలియదు.

"ఎందుకండీ వాపసు?"

"తడిసింది మేడం. కోసినంక రెండుసార్లు వాన పడ్డది దీనిమీద."

"సర్టిఫికెట్‌లో అలా లేదే."

"సర్టిఫికెట్‌కు ముక్కు లేదు మేడం."

"మీకు కాస్త ఎక్కువే ఉన్నట్టుంది."

షాహుల్ భాయ్ కడపవాడు, యాభై దాటినవాడు. ఫోర్క్‌లిఫ్ట్ ఇంజన్ ఆపేశాడు. ఇలాంటి మాటలు స్పష్టంగా వినపడాలని ఆయన అభిప్రాయం.

సాయంత్రం ఆమని గడ్డి పండించిన రైతుకు ఫోన్ చేసింది. నెబ్రాస్కా రాజధాని లింకన్‌కు నలభై నిమిషాల దూరంలో విల్లో బెండ్ అనే పల్లె. జనాభా మూడొందల పన్నెండు. అందులో డేల్ ఒకడు, అతని భార్య రూత్ ఒకతె. డేల్ మర్యాదస్తుడు, కాసేపు గొంతు సవరించుకుని, "మంగళవారం ఒకసారి, గురువారం ఒకసారి. మళ్లీ ఎండిపోయిందనుకున్నాను" అని ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆమని మెట్లు నెమ్మదిగా దిగింది.

"రెండుసార్లే పడిందట."

"ఎరుకే."

"ఏ వారాలో కూడా తెలుసా?"

"అంత పెద్ద ముక్కు కాదు మేడం" అన్నాడు దేవేందర్. "జగిత్యాల దిక్కు మా నాయిన బర్లకు గడ్డి ఆరబెడుతుండె. మబ్బు పడితే ఇంటిల్లిపాది ఉరుకుడే. ఆ వాసన యాడ మర్సిపోత?"

అప్పటినుంచి ఆమని ఫోన్‌లో వాతావరణం నొక్కితే మొదట విల్లో బెండ్ కనపడేది. కోసిన గడ్డి మూడు నాలుగు రోజులు పొలంలో ఎండాలి. ఆలోపు అక్కడ చినుకు పడితే ఇక్కడ ఆమె నెల పని పోయినట్టే. కిటికీ బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ మండుతుంటే ఆమె మబ్బు పట్టిందని దిగులుపడేది. కుర్చీలో కుదురుగా కూర్చునేది కాదు. ఆ రోజుల్లో లంచ్ బాక్సు మూత తెరుచుకునేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దేవేందర్ మెట్లెక్కి వచ్చేవాడు.

"షాహుల్ భాయ్ బిర్యానీ ఎక్కువ తెచ్చిండు."

ఇంకోసారి, "రూమ్‌ల సర్వపిండి చేసినం, మాడిపోయింది. ఎవరన్నా తింటరేమోనని."

"మాడిందని చెప్పి మరీ పెడతారా?"

"తర్వాత తెలిస్తే బాగుండదు కదా."

విల్లో బెండ్‌లో ఎండ కాసిన రోజున మాత్రం అతని నీడ కూడా మేడమీద పడేది కాదు. తిండి మానేసిన సంగతి ఎవరు మోస్తున్నారా అని ఆమని షాహుల్ భాయ్‌ను అనుమానించింది. "నాకేం తెలుసమ్మా, నేను కిందుంటా కదా" అన్నాడాయన. అది నిజమే, అందుకే అనుమానం పెరిగింది. ఇలా రెండు వేసవులు గడిచాయి. 'మేడం' పోయి 'నువ్వు' వచ్చింది. ఆమె మాత్రం 'మీరు' దగ్గరే ఆగిపోయింది.

రెండువేల ఇరవై నాలుగు మార్చిలో, ముదీర్ అని అందరూ పిలిచే కంపెనీ మేనేజరు ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఈసారి కోతల కాలమంతా మన మనిషి విల్లో బెండ్ పొలంలోనే ఉండాలి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. గడ్డి తెలిసినవాడు దేవేందర్ కాబట్టి అతనే వెళ్తాడని అందరూ అనుకున్నారు. అతను ముదీర్ గదిలోకి వెళ్లి ఆమని పేరు చెప్పి వచ్చాడు.

ఆమని మెట్లు మళ్లీ వేగంగా దిగింది.

"నన్ను పంపమని మీరే చెప్పారట."

"చెప్పిన."

"గడ్డి తెలిసింది మీకు కదా."

"ఊరు తెలిసింది నీకు. డేల్ కుక్క పేరు గూడ చెప్తవు. రెండేండ్ల సంది ఆ ఊరి ముచ్చట్లే. పోయి సూసి రా."

"ఆరు నెలలు నేను ఇక్కడ లేకపోతే..."

"ఏమైతది? గోడౌన్ యాడికి పోతది?"

ఆ ఒక్క వాక్యాన్ని దేవేందర్ తర్వాత చాలా రోజులు నెమరువేశాడు. వాళ్ల గడ్డి తిన్న ఒంటెలు కూడా అంతగా నెమరు వేసి ఉండవు.

వెళ్లేముందు ఆమెకు గడ్డి పరీక్షించడం నేర్పాలని ముదీర్ ఆర్డరు. దేవేందర్ ఒక బేలు ముందు నిలబడి తన చెయ్యి దూర్చాడు. ఆమెనూ దూర్చమన్నాడు.

"లోపల తడుంటే వెచ్చగ తగుల్తది. తగులుతుందా?"

"తగులుతోంది. ఇది బాగా తడిసినట్టుంది."

"అది నా చెయ్యి."

షాహుల్ భాయ్ ఇంజన్ ఆపేశాడు. చేతులు రెండూ తొందరగానే బయటికి వచ్చాయి, మరీ తొందరగా మాత్రం కాదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఆమని వెళ్లిపోయింది. వెళ్లిన పది రోజులకు షాహుల్ భాయ్ వార్త మోసుకొచ్చాడు. "ఆ ఊరి రైతుల సంఘం పాపను అక్కడే ఉండిపొమ్మందంట. పర్మనెంటు. వీసా కూడా వాళ్లే చూసుకుంటారంట. బుధవారం జవాబు చెప్పాలంట."

"మంచిదే కదా" అన్నాడు దేవేందర్. ఆ పూట మూడు బేళ్లను రెండేసిసార్లు లెక్కపెట్టి నాలుగని రాశాడు.

మంగళవారం దుబాయ్‌లో వాన మొదలైంది. ఏడాదికి పడాల్సింది ఒక్క రోజులో దిగింది. మధ్యాహ్నానికి రోడ్లు కాలువలయ్యాయి, గోడౌన్‌లోకి నీళ్లొచ్చాయి. ఫోర్క్‌లిఫ్ట్ మొరాయించింది. దేవేందర్, షాహుల్ భాయ్ పొద్దున్నుంచీ అడుగు వరుస బేళ్లను పై వరుసలకు మోస్తూనే ఉన్నారు. నాలుగు గంటలకు, దేవేందర్ పై వరుస మీద ఉండగా, ఫోన్ మోగింది. విల్లో బెండ్‌లో అప్పుడు ఉదయం ఏడు.

"మీరు తిన్నారా?" అంది ఆమని. హలో లేదు, ఏమీ లేదు.

"ఏం తినుడు. మోకాళ్ల దాకా నీళ్లు. నువ్వు?"

"లేదు. రూత్ గారు పాన్‌కేకులు పెట్టారు, చల్లారిపోయాయి. నిన్నట్నుంచీ దుబాయ్ వానే చూస్తున్నాను. లేస్తున్నాను, కూర్చుంటున్నాను. డేల్ గారి కుక్క కూడా విసిగిపోయింది."

"దుబాయ్ వాన నీకెందుకు? నీ ఫోన్‌ల మొదట విల్లో బెండ్ ఉంటది కదా."

"విల్లో బెండ్ కిటికీలోంచి కనపడుతోంది. ఇక్కడికొచ్చాక మొదట దుబాయ్..."

మాట మధ్యలో ఆగింది. అవతల ఆమె ఏదో కూడుకుంటున్నట్టుంది. బిర్యానీ, సర్వపిండి, ఎండ కాసిన రోజుల్లో ఖాళీగా ఉన్న మెట్లు.

"దేవేందర్, మీ ఫోన్‌లో మొదట ఏ ఊరుంది?"

దేవేందర్ పక్కనున్న బేలును కాస్త లోపలికి నెట్టాడు. చూసుకోవాల్సిన పనిలేదు. విల్లో బెండ్. రెండేళ్లుగా అదే.

"చెప్పెయ్యబ్బా" అన్నాడు కిందినుంచి షాహుల్ భాయ్. "నీళ్లు పెరుగుతాండాయి."

"నీ ఊరే ఉంది" అన్నాడు దేవేందర్. "ఆడ వానొస్తే నువ్వు ఈడ తినవు. అందుకే రోజూ సూస్తుంటి."

"ఈ మాట నేను బయల్దేరే ముందు చెప్పచ్చుగా."

"చెప్తే నువ్వు పోకపోదువు. ఆ ఊరు సూడకుండ ఆగిపోతే, ఆ కారణం నేనైతే, నాకు మంచిగనిపియ్యలే."

"గోడౌన్ ఎక్కడికి పోతుంది అన్నారు."

"ఇయ్యాల కొట్టుకపోయేటట్టే ఉన్నది."

అవతల చిన్న నవ్వు వినిపించింది. రెండు దేశాల్లోనూ వాన చప్పుడు వినపడుతోంది, వాన మాత్రం ఒక దేశానిదే.

"రేపు వీళ్లకు జవాబు చెప్పాలి" అంది ఆమని.

"విన్న. ఏం చెప్తవు?"

"సెప్టెంబరు ఆఖరి కోత దాకానే ఉంటానని. ఆ తర్వాత దుబాయ్ వెళ్లిపోతానని. అక్కడ నేను తినని రోజున అన్నం తెచ్చిపెట్టే ఒకాయన ఉన్నాడని, ఆయనకు వంట సరిగ్గా రాదని."

"సర్వపిండి ఒక్కసారే మాడింది."

"మూడుసార్లు. నేను చెప్పలేదంతే."

షాహుల్ భాయ్ తడవకుండా దాచిన కవరులోంచి ఒక ఖుబ్జు రొట్టె తీసి పైకందించాడు. దేవేందర్ అన్నింటికన్నా పైనున్న బేలు మీద కూర్చున్నాడు.

"ఎక్కడున్నారు?"

"గడ్డి మీద. మీ డేల్‌దే."

"తడిసిందా?"

అతను వంగి వాసన చూశాడు. "లేదు. పొడిగనే ఉన్నది."

అవతల ప్లేటుకు ఫోర్కు తగిలిన చప్పుడైంది.

"అయితే నువ్వూ తిను" అంది ఆమని.