గురువారం క్లాసుకి ఫల్గుణ ఒక్కడే

"కనడానికి కూడా క్లాసులేటి బావా!"

గంగకి నవ్వు ఆగలేదు. చోడి అంబలి కలుపుతున్న గరిటె పక్కన పడేసి, ఎనిమిదో నెల పొట్టని రెండు చేతులా పట్టుకుని మరీ నవ్వింది.

ఫల్గుణ గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టులోంచి వాన నీళ్ళు ముక్కు మీదుగా కారుతున్నాయి. ఆస్పత్రివాళ్ళిచ్చిన గులాబీ రంగు కాగితాన్ని మాత్రం ఒక్క చుక్క పడకుండా చొక్కాలో దాచి తెచ్చాడు.

"నవ్వకు గంగా. ఆస్పత్రికి కొత్తగా ప్రసన్న సిస్టరు వచ్చారు కదా, ఆవిడ పెడతన్నారు. ప్రతి గురువారం మధ్యాహ్నం, నాలుగు వారాలు. పేరు రాయించీసినాను."

"ఎవరి పేరు?"

"నీదీ, నాదీ. మొగుళ్ళు కూడా రావొచ్చంట."

"మొగుళ్ళకేటి నేర్పుతారు? ఏడవడమా?"

"గంగా..."

"పరీక్ష కూడా ఉంటాదా? ఫెయిలయితే వచ్చే ఏడాది మళ్ళీ ఫీజు కట్టాలా?"

పొయ్యి పక్కన అడ్డాకులు కుట్టుకుంటున్న అత్త ముత్యాలమ్మ తలెత్తింది. "నాను అయిదుగుర్ని కన్నాను. ఏ బడికెల్లినాను? నాలుగోవోడయితే పోడు సేలోనే పుట్టినాడు."

"ఆ నాలుగోవోణ్ణి నానే అమ్మా" అన్నాడు ఫల్గుణ నీరసంగా.

"అందుకే ఇలగున్నావు" అంది గంగ.

అత్తాకోడళ్ళిద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. ఫల్గుణ కూడా నవ్వాడు. నవ్వేసి, కాగితాన్ని దూలం సందులో దోపి, బయటికి వెళ్ళి వానలో నిలబడ్డాడు.

ఆ ఇంట్లో ఇది కొత్తేం కాదు. రెండేళ్ళ కిందట, కాఫీ నర్సరీలో పనిచేసే ఫల్గుణ కాయల కోత నేర్పే పనిమీద గూడెం కొత్తవీధి పక్కనున్న గంగ వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడే మొదలైంది. పచ్చికాయ కొయ్యకూడదు, ఎర్రగా పండిన కాయే కొయ్యాలి అని అతను పాఠం చెబుతుంటే, వెనక వరసలోంచి ఒక గుంట చెయ్యెత్తి, "సార్, మరి మీరు పండినారా?" అని అడిగింది. తోటంతా ఘొల్లుమంది. ఫల్గుణ చెప్పాల్సింది మర్చిపోయి, వెనక్కి అడుగేసి, కాయల బుట్టలో కూలబడ్డాడు. ఆ మర్చిపోయింది చెప్పడానికని ఇంకో మూడుసార్లు వెళ్ళాడు. మూడోసారి ధైర్యం చేసి, "నువ్వంటే నాకు ఇష్టం" అన్నాడు.

"నాకూ నానంటే ఇష్టమే" అంది గంగ.

పెళ్ళయి ఏడాదిన్నరైనా ఆ మాటకి అంతకంటే జవాబు రాలేదు.

గురువారం వచ్చింది. గంగ కదల్లేదు. ఫల్గుణ తెల్ల చొక్కా తొడుక్కుని, "నర్సరీలో పనుంది" అని వెళ్ళిపోయాడు. నర్సరీలో మట్టి సంచులు నింపే పనికి తెల్ల చొక్కా ఎందుకో గంగకి అర్థం కాలేదు.

ఆ సాయంత్రం నుంచి మనిషి మారిపోయాడు. ఆమె నడుము నొప్పి అంటే చాలు, అరచేతి మొదలుతో సరిగ్గా నొప్పున్నచోటే నొక్కేవాడు. "ఇదెక్కడ నేర్చినావు?" అంటే, "మొక్కలకి మట్టి నొక్కడం రాదేటి నాకు?" అనేవాడు. పొయ్యి ఊదుతూ, "ముక్కుతో తీసుకో, నోటితో వదులు" అని తనలో తనే గొణుక్కునేవాడు. ఒకనాడు మేక ఈనుతుంటే దాని ఎదురుగా గొంతుక్కూర్చుని, "కంగారు పడకు, బాగా చేస్తన్నావు" అని ధైర్యం చెబుతుండగా గంగ కళ్ళారా చూసింది.

మూడో గురువారం, పక్కింటి చిట్టి తన పిల్లకి టీకా వేయించుకుని వచ్చింది. గొడుగైనా ముడవకుండా గంగ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"వదినా, అన్నయ్య ఎక్కడున్నాడు?"

"నర్సరీలో."

"ఏ నర్సరీ? ఆస్పత్రి వెనక గదిలో ఆడోళ్ళ మధ్యన పడుకుని ఉంటేను!"

"పడుకునా?"

"సాప మీద. ఒక సిస్టరు పక్కనే కూకుని సెయ్యి పట్టుకున్నారు."

గంగ చేతిలో చేట ఆగిపోయింది. "ఆ సిస్టరుకి ఎన్నేళ్ళుంటాయి?"

"మొహం సూడలేదొదినా. వెనకనుంచి జడ సూసినాను." చిట్టి తన మోకాలి దాకా చెయ్యి చూపించింది. "ఇంత జడ!"

గంగ లేచింది. నిమిషంలో చీర మార్చింది.

"ఎక్కడికే గుంటా, ఈ వానలో?" అంది ముత్యాలమ్మ కంగారుగా.

"క్లాసుకి!"

చిట్టి తన పిల్లని ముత్యాలమ్మ ఒళ్ళో పెట్టి తోడురాగా, ఊరి ముందు పారే వాగు, ఆ గెడ్డ దాటి, రోడ్డెక్కి, షేర్ ఆటోలో ఎనిమిదో మనిషిగా ఇరుక్కుంది గంగ. ఆస్పత్రి ఉన్న జి.మాడుగుల వచ్చేదాకా తిట్లన్నీ వరసగా పేర్చుకుంది. మొదట తెల్ల చొక్కా సంగతి, తర్వాత నర్సరీ అబద్ధం, ఆఖర్న జడ. నడుం నొక్కిన సంగతి గుర్తొచ్చి మధ్యలో ఒకసారి మెత్తబడింది గానీ, జడ తలుచుకుని మళ్ళీ గట్టిపడింది.

వెనక గది కిటికీ తెరిచే ఉంది. గంగ చూరు కింద నిలబడి లోపలికి తొంగి చూసింది.

చాపల మీద ఏడుగురు గర్భిణులు కూర్చున్నారు. మధ్యలో ఫల్గుణ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అతని పొట్ట మీద ఒక పెద్ద దిండు, అది జారకుండా తువ్వాలుతో కట్టి ఉంది. పక్కనున్న సిస్టరు ఇటు తిరిగింది. మోకాలి దాకా జడ ఉన్నమాట నిజమే. కానీ ముందు జుట్టంతా నెరిసి, మొహం ముడతలు పడింది. ఆవిడకి రిటైర్మెంటు దగ్గర్లోనే ఉన్నట్టుంది.

గంగ పేర్చుకున్న తిట్లలో ఒకటి రాలిపోయింది.

"ఇప్పుడు నొప్పి మొదలైంది ఫల్గుణా. ఏం చేస్తావు?" అని అడిగింది ప్రసన్న సిస్టరు.

"అరుస్తాను సిస్టర్."

ఏడుగురూ పకపకా నవ్వారు.

"అరవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఊపిరి బిగబట్టకు. తర్వాత?"

"నొప్పికీ నొప్పికీ మధ్య ఎంతసేపుందో గడియారంలో చూస్తాను. దగ్గరపడతన్నాయంటే మా గెడ్డ పొంగకముందే బయల్దేరతాను."

"మంచిది. ఇప్పుడు అందరూ ఒక్కో మాట చెప్పండి. ఏదంటే భయం మీకు?"

ఒకామె ఆపరేషన్ కోత అంది. ఇంకొకామె, బిడ్డ ఏడవకపోతే ఎలా అంది. ఫల్గుణ వంతు వచ్చింది.

"నాకు నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి సిస్టర్."

"మరి మీ ఆవిడకి?"

అతను దిండు మీద చేతులు పెట్టుకున్నాడు.

"మా గంగ భయమని చెప్పదు సిస్టర్. భయమేస్తే జోకులేస్తాది. ఇదివరకు రోజుకి నాలుగో అయిదో వేసేది. ఈ నెల్లాళ్ళ బట్టీ ఆపడమే లేదు. నానూ నవ్వుతాను. నవ్వీసి, బయటికెళ్ళి నిలబడతాను. రమ్మని బలవంతం చెయ్యలేను కదా. అందుకని ఇక్కడ నాను నేర్చుకుని, ఇంటికెళ్ళి కొంచెం కొంచెం తనకి తెలీకుండా నేర్పుతన్నాను."

గదిలో ఎవరూ నవ్వలేదు. కిటికీ బయట గంగ చేతిలోని గొడుగు జారి గచ్చు మీద టపీమని పడింది.

అందరూ అటు తిరిగారు. ఫల్గుణ లేవబోయాడు. దిండు అడ్డొచ్చింది. అచ్చం ఎనిమిది నెలల మనిషిలాగే పక్కకి ఒత్తిగిలి, చెయ్యి ఆనించి లేచాడు.

"గంగా! నర్సరీలో... అంటే... అదే..."

ఏడుగురూ, సిస్టరూ, వెనకనున్న చిట్టీ, అందరూ గంగ ఏమంటుందా అని చూస్తున్నారు. గంగ నాలిక మీదికి ఒకటి కాదు, మూడు జోకులొచ్చాయి. నోరు తెరిచింది.

"భయమేస్తంది బావా" అంది.

ఆ మాట తన నోట విని ముందు తనే ఉలిక్కిపడింది. తర్వాత మాటలు వాటంతటవే వచ్చేశాయి. తమ్ముడు పుట్టినప్పుడు తనకి తొమ్మిదేళ్ళు. మూసిన తలుపు బయట ఒక్కతే కూర్చుంది. లోపల అమ్మ అరుస్తోంది. ఏమవుతోందో ఒక్కరూ చెప్పలేదు. చెవులు మూసుకున్నా వినిపించింది. అమ్మకేమీ కాలేదు, తమ్ముడు ఇప్పుడు పదో తరగతి. కానీ ఆ తలుపు మాత్రం గంగకి ఇంకా అలాగే మూసి ఉంది.

ప్రసన్న సిస్టరు లేచి వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. "రామ్మా, కూర్చో. ఏం జరుగుతుందో మొదట్నుంచి చెబుతాను. ఫల్గుణా, ఆ దిండు విప్పు. అసలు మనిషి వచ్చింది."

ఆ రోజు క్లాసు గంటసేపు ఎక్కువ నడిచింది. సిస్టరు గుడ్డబొమ్మతో చూపించింది, బిడ్డ లోపల ఎలా తిరుగుతుందో, ఎలా కిందికి దిగుతుందో. గంగ అడిగిన ప్రశ్నలకి లెక్కలేదు. అరిస్తే ఏదో అయిపోతున్నట్టు కాదని, అదీ పనిలో భాగమేనని విన్నప్పుడు, ఆమె ఆ గుడ్డబొమ్మనే చేతిలో తిప్పి చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు చిట్టి కావాలనే ముందు నడిచింది. వాన సన్నబడి తుంపరైంది. కొండ మీది మబ్బు కాఫీ తోటల్లోకి దిగి, మిరియాల తీగల మధ్య తచ్చాడుతోంది. గెడ్డలో రాళ్ళ మీద ఫల్గుణ ముందు నిలబడి, వెనక్కి చెయ్యి అందించాడు. గంగ ఆ చెయ్యి పట్టుకుంది గానీ అడుగెయ్యలేదు.

"బావా."

"ఊఁ, రా. జాగర్త, పాచి ఉంది."

"నువ్వంటే నాకు ఇష్టం."

ఫల్గుణ ఆగాడు. మాట వెనక రాబోయేదాని కోసం కాచుకున్నాడు. నీళ్ళు గలగలా పోతున్నాయి. ఏమీ రాలేదు.

"తర్వాత?" అన్నాడు అనుమానంగా.

"తర్వాతేటి లేదు. అంతే."

ఫల్గుణ రాయి మీదున్న సంగతి మర్చిపోయాడు. కాలు నీళ్ళలో పడింది, చెప్పు ఊడింది, ఊడిన చెప్పు ఆడుకుంటూ కొయ్యూరు వైపు సాగిపోయింది. దానివైపు కన్నెత్తి కూడా చూడకుండా, "ఇంకోసారి అను" అన్నాడు.

"సెప్పు పోతంది బావా!"

"పోనీ. ఇంకోసారి అను."

ఒడ్డు మీంచి చిట్టి, "నాకు వినపడతంది!" అని అరిచింది. అయినా గంగ ఇంకోసారి అంది.

నాలుగో గురువారం ముత్యాలమ్మ కూడా బయల్దేరింది, "ఏటి నేర్పుతారో నానూ సూత్తాను" అంటూ. క్లాసులో అరగంట గుర్రుగా కూర్చుంది. నొప్పుల్లో పడుకునే ఉండక్కర్లేదు, నడవొచ్చు అని సిస్టరు అనగానే, "నాను సెప్పేదీ అదే!" అని లేచి నిలబడింది. నడుమ్మీద చేతులేసుకుని, పోడు చేలో తను ఎలా నడిచిందో గదంతా నడిచి చూపించింది. ప్రసన్న సిస్టరు చప్పట్లు కొట్టింది. తిరుగు దారంతా ముత్యాలమ్మ, "ఆ సిస్టరు తెలివైనమ్మే" అంటూనే ఉంది.

అనుకున్న రోజుకి ఇంకా పది రోజులుంది. ఆ ఉదయం జోరున వాన. గంగ బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగింది. ఫోనులో టైము చూసింది. మళ్ళీ ఏరింది. మళ్ళీ ఆగింది.

"ఉత్తి నొప్పులై ఉంటాయిలే" అంది ముత్యాలమ్మ.

"కాదత్తా. నడిచినా తగ్గడం లేదు. పావుగంటకోసారి వచ్చేది, పది నిమిషాలకోసారి వస్తంది." గంగ గొంతు నిలకడగా ఉంది. "గెడ్డ పొంగకముందే ఎల్లిపోవాలి."

నిలకడ లేనిది ఫల్గుణకి. నాలుగు వారాల చదువూ ఒక్క నిమిషంలో ఎగిరిపోయింది. సంచీలో బిడ్డ బట్టలకి బదులు తన పంచె కుక్కాడు. 108కి ఫోను చేసి ఊరి పేరు చెప్పడం మానేసి తన పేరు చెప్పాడు. గబగబా ఊపిరి పీలుస్తూ గోడ పట్టుకున్నాడు.

"బావా, ఇటు సూడు. ముక్కుతో తీసుకో. నోటితో వదులు. ఆఁ, అలగ. ఇంకోటి."

మూడు ఊపిరులకి అతను మనిషయ్యాడు. ఫోను తీసి ఊరి పేరు సరిగ్గా చెప్పాడు.

పొరుగునున్న సోంబరు గెడ్డకి అడ్డంగా తాడు కట్టాడు. మోకాలి లోతు నీళ్ళలో, ఒక పక్క ఫల్గుణ, ఒక పక్క సోంబరు పట్టుకోగా గంగ నడిచి దాటింది. మధ్యలో నొప్పి వచ్చినప్పుడు ముగ్గురూ నీళ్ళలో ఆగారు. ముగ్గురూ కలిసి ఊపిరి తీసుకున్నారు. క్లాసుకి వెళ్ళని సోంబరు కూడా తీసుకున్నాడు. రోడ్డు మీద అంబులెన్సు కనిపించింది. వాళ్ళు ఆస్పత్రి చేరేసరికి చిట్టి ఫోను చేసింది. గెడ్డ నడుం దాటి పారుతోందట, తాడు కొట్టుకుపోయిందట.

ప్రసన్న సిస్టరు ఫల్గుణని గంగ తల దగ్గర నిలబెట్టింది. "అటు చూడకు. ఈ మొహమే చూడు."

అతను ఆ మొహమే చూశాడు. గంగ అరిచింది. సిగ్గు పడకుండా, ఊపిరి బిగబట్టకుండా, కొండకి వినబడేట్టు అరిచింది. అతని వేళ్ళు విరిగేట్టు పట్టుకుంది. నడుము నొక్కమంది, వద్దంది, మళ్ళీ నొక్కమంది. మధ్యాహ్నం రెండున్నరకి గదిలో ఇంకో అరుపు వినిపించింది. చిన్నదే, కానీ మహా కోపంగా ఉంది.

"ఆడపిల్ల" అంది సిస్టరు.

ఫల్గుణకి కళ్ళు తిరగలేదు. ఏడ్చాడు. గంగ అతని చెంప మీద చెయ్యి వేసి తుడిచింది. తుడుస్తూ తనూ ఏడ్చింది.

మర్నాడు పొద్దున్న గెడ్డ తగ్గింది. వాన వెలిసి, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ముత్యాలమ్మ నాటుకోడి చారు గిన్నెతో గుమ్మంలోనే మొదలుపెట్టింది. "ఏదీ నా మనవరాలు? ముక్కెవరిదీ? నాదేనా? బేగి సూపించండి!"

"ష్... అత్తా!" అంది గంగ.

పక్క కుర్చీలో ఫల్గుణ తల వెనక్కి వాలిపోయి ఉంది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. తెల్లబట్టలో చుట్టిన బిడ్డ అతని ఛాతీ మీద బోర్లా పడుకుని, అతని ఊపిరితోపాటు మెల్లగా పైకీ కిందికీ ఊగుతోంది.

"మాటాడకు" అంది గంగ గుసగుసగా, వాళ్ళ మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇద్దరూ ఇప్పుడే పడుకున్నారు."