తోడు గడి

శ్వాసపీఠం ముందు కూర్చున్న నరసాయమ్మ చేత మరోసారి ఊపిరి వదిలించి, నమోదు అధికారి జగన్నాథమూర్తి తెర వైపు చూశాడు. గుండె కవాటం అలసిపోయింది. ఏడాదిలోగా శస్త్రచికిత్స తప్పదు. సర్కారు ఆరోగ్యబీమా యంత్రం ఆ సంగతి తనంత తానే రాసుకుని, తర్వాతి గడి తెరిచింది: తోడు.

"ఆసుపత్రిలో మీ దగ్గర ఎవరుంటారమ్మా?"

భీమిలి నాచుమిల్లులో పనిచేసి, అరవై నిండి దిగిపోయిన మనిషి ఆమె. పెళ్ళి కాలేదు, తోబుట్టువులు లేరు. తోడు లేనివాళ్ళు ఒంటిశ్రేణిలోకి వెళతారు. వాళ్ళకు మందులు ఇంటికొస్తాయి, మరనర్సు వస్తుంది. ఆసుపత్రి మంచం మాత్రం దొరకదు. పక్కన మనిషి లేని రోగి త్వరగా కోలుకోడని లెక్కలు తేలినప్పటి నుంచీ అదే పద్ధతి. ఆమె నమోదుకు ఈ సాయంత్రంతో గడువు ముగుస్తుంది.

"ఇదిగో, మా వదినుంటాది బాబూ" అని వెనక నిలబడ్డ బక్కపలచని అసిరితల్లిని చూపించింది.

"నీ పక్కన నానుండాలేటి? రాత్రంతా గురక పెడతావు" అంది అసిరితల్లి.

"మరేటికొచ్చినావు?"

"దారి తప్పిపోతావని. బాబూ, ఇది మాత్తర్లు మింగమంటే కొంగులో దాసీసీ రకం. నన్నే రాసీయండి. నానైతే నోట్లో ఏసి నీళ్ళు పోసీగల్ను."

మాటల్లోని బంధాన్ని గొంతును బట్టి కొలిచే స్వరమాని పచ్చగా వెలిగింది. ఆ వెంటనే వంశపట్టిక ఎర్రబడింది. ఇద్దరి ఇంటిపేర్లూ వేరు, కులాలూ వేరు. కలిసింది ఒక్క గోడే.

"ఆవిడ మీకు ఏ వైపు నుంచి వదినమ్మా?"

నరసాయమ్మ తెల్లబోయింది. "గోడవతల వైపు నించి బాబూ. వయసులో ఉన్నప్పట్నించీ అలగే పిలుస్తన్నాను. తప్పా?"

స్వరం బంధమంటోంది, పట్టిక కాదంటోంది, ధ్రువీకరించమని యంత్రం అడిగింది. ఇన్నేళ్ళూ జగన్నాథమూర్తి పట్టిక మీటే నొక్కాడు. స్వరం మీట నొక్కిన అధికారి మీద విచారణ పడుతుంది. పైగా, ఒక్క కేంద్రంలో నొక్కినా రాష్ట్రమంతటికీ అదే నియమమవుతుంది. అందుకే ఆ మీట జోలికి ఎవరూ పోలేదు.

"ఇలగ తిరుగు. సెమటకి నానిపోనావు" అని అసిరితల్లి తన కొంగుతో నరసాయమ్మ మెడ తుడిచింది. జవాబు కోసం ఇద్దరూ అతని వంక చూడటం కూడా మరిచిపోయారు.

అతను స్వరం మీట నొక్కాడు.

"పొరపాటున నొక్కారా?" అంది యంత్రం.

"లేదు. తెలిసే నొక్కాను."

నరసాయమ్మ పేరు పక్కన మంచం గుర్తు వచ్చింది. హాలు గోడ మీది పలక ఒక్క క్షణం ఖాళీ అయి, తోడు లేదని ఎప్పుడో కొట్టేసిన రోగుల పేర్లను, ఊళ్ళతో సహా, ఒక్కొక్కటే మళ్ళీ పైకి తేసాగింది. అనకాపల్లి, పాలకొండ, ఆ తర్వాత అతనికి తెలియని ఊళ్ళు. వాటిని సర్దుకోలేక యంత్రం తర్వాతి మనిషిని పిలవడం మానేసింది. జగన్నాథమూర్తి లేచి, చాలాకాలానికి తన గొంతుతోనే పిలిచాడు.

"తర్వాత ఎవరండీ?"

బెంచీ చివర ఒంటరిగా కూర్చున్న పెద్దాయన లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. కాస్త జరిగి చోటిచ్చి, తన వెనక వరసలో నిలబడ్డ కొత్త మనిషిని అడిగాడు.

"కూర్చోండి. మీదే ఊరండీ?"