మొగ దగ్గర అరుపు

ఏరు సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర చీకటి పడ్డాక ఎవరూ పడవ నడపరు. నడిపినవాళ్ళకి ఒక అరుపు వినిపిస్తుందట. సన్నగా, ఆడగొంతులా... అది విన్న పడవల్లో కొన్ని తిరిగి రాలేదని చెప్పుకుంటారు.

పడవ నడిపే మన సరంగు ఇదంతా విని నవ్వేవాడు. ఆయనకి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఊళ్ళోవాళ్ళు వెటకారంగా ‘సర్వజ్ఞుడు’ అంటే, పాపం, బిరుదనుకుని మురిసిపోయేవాడు.

ఆయన కొత్తగా లోతు చూపించే యంత్రం కొన్నాడు. అది నీళ్ళలోకి శబ్దం పంపి, నేలకి తగిలి తిరిగొచ్చేసరికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి, లోతు తెర మీద చూపిస్తుంది. లోతు తగ్గితే అలారం కూడా మోగిస్తుంది. బిగిస్తానని మెకానిక్ వస్తే, ‘నాకు నేర్పేవాడివా’ అని పంపించేశాడు. తనే బిగించుకున్నాడు. దాంతో వచ్చిన పుస్తకం వేడి గిన్నెల కింద పెట్టుకోవడానికి పనికొచ్చింది.

ఆ రాత్రి ఆయన భార్యకి నెల ముందే నొప్పులొచ్చాయి. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. మొగ దాటక తప్పదు.

ఆమె పడవలో చాప మీద పళ్ళు బిగబట్టి పడుకుంది. ఇంజను దగ్గర కూర్చున్న ఆమె తమ్ముడికి అక్క మీద బెంగ ఒకవైపు, మొగ మీద భయం ఒకవైపు.

మొగ దగ్గరికొచ్చారో లేదో — అరుపు.

సన్నగా... తెగకుండా... చెవుల్లో సూది దింపినట్టు.

తమ్ముడు సరంగు వైపు తిరిగాడు.

“బావా... విన్నావా?”

“అలారం రా, పిరికిపందా.”

తెర మీద లోతు రెండు మీటర్లని ఉంది. సరిగ్గా కనబడటం లేదని సరంగు ‘గెయిన్’ అని రాసున్న మీట చివరిదాకా తిప్పాడు. ఎంత ఎక్కువ పెడితే అంత ఎక్కువ కనిపిస్తుందని ఆయన సిద్ధాంతం. కనిపించింది కూడా. నేల గీత కింద ఇంకో నేల... అవే గుట్టలు, అవే గుంతలు, రెట్టింపు లోతులో. అంకె నాలుగైంది.

“అంత లోతుంటే ఇంకెందుకు బావా అరుస్తోంది?” తమ్ముడు గుసగుసగా అడిగాడు.

“దానికి బుద్ధిలేక” అంటూ సరంగు అలారం ఆపే మీట నొక్కాడు.

అరుపు ఆగింది. ఇంజను చప్పుడుతో పడవ ముందుకు పోతూనే ఉంది.

అప్పుడు చాప మీద నుంచి ఆమె మూలుగుతూనే అంది — “ఒరేయ్ తమ్ముడూ... ముందు గడ దింపి చూడరా.”

దింపాడు. మోకాలి లోతులో ఇసుక తగిలింది. వాడు కేక పెట్టేలోపే పడవ అడుగు గరగరమంది. ఇంజను వెనక్కి తిప్పి, గడతో నెట్టి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయటపడ్డారు. తెల్లారేసరికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఆ వారం మెకానిక్ పడవెక్కి, యంత్రం చూసి పడీ పడీ నవ్వాడు. గెయిన్ అంటే యంత్రానికి చెవి లాంటిదట. మరీ పెంచితే, నేలకి తగిలొచ్చిన శబ్దం పడవ అడుక్కి కొట్టుకుని, మళ్ళీ నేలదాకా వెళ్ళొచ్చినా వింటుంది. దాన్నే రెండో నేలగా గీస్తుంది. లేని లోతు చూపిస్తుంది.

“చూశావా, దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. అలారమే” అన్నాడు సరంగు, బావమరిదిని దెప్పుతూ.

మెకానిక్ నవ్వు ఆగిపోయింది. యంత్రం వచ్చిన అట్టపెట్టెలోంచి ఒక చిన్న పొట్లం తీసి చూపించాడు. దాని మూతి కూడా చింపలేదు.

“అలారం ఇందులో ఉంది. నువ్వసలు బిగించనే లేదు.”

సరంగు ఆ పొట్లాన్ని తిప్పి తిప్పి చూశాడు. “మరి... నేను నొక్కగానే ఆగిందే?”

ఒడ్డున పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చున్న భార్య తలెత్తింది.

“ఆవిడ మాత్రం ఎంతసేపని చెబుతుంది, వినని మనిషికి?”