వంద మీద ఆగిన ముల్లు

ఆ సాయంత్రం ట్రాక్ మీద మా బండి ఒక్కటే ఉంది. చలికాలం. ఎండలో వేడి ఎప్పుడో చచ్చిపోయింది. షెడ్డు రేకుల మీంచి మంచు వాసన దిగుతోంది. నేను స్టూలు మీద కూర్చుని ఆయిల్ కాగడం కోసం చూస్తున్నాను. నా ఉద్యోగంలో సగం ఇదే. ఎవరైనా అడిగితే రేసుకార్ల మెకానిక్‌నని గొప్పగా చెప్పుకుంటాను గానీ, పొయ్యి మీద పాలు పెట్టి కాపలా కాసే మనిషికీ నాకూ పెద్ద తేడా లేదు. పొంగకూడదు, చల్లారకూడదు.

చల్లటి ఆయిల్ గడ్డకట్టిన కొబ్బరినూనెలా మొండికేస్తుంది. అప్పుడు ఇంజన్ని గట్టిగా తిప్పితే లోపల ఇనుము ఇనుమును తింటుంది. తొంభై, వంద డిగ్రీలకొస్తే హాయిగా పారుతుంది. నూట ముప్పై దాటితే నీళ్ళలా పల్చబడి, మళ్ళీ అదే గోల. అందుకే బండి ముక్కు దగ్గర ఆయిల్ కూలర్ ఉంటుంది. సన్నటి రేకుల జాలీ. కాగిన ఆయిల్ అందులోంచి పోతూ తన వేడిని ఎదురుగాలికి వదిలేస్తుంది. చలి మరీ ఎక్కువైతే ఆ జాలీకి సగం దాకా టేపు అంటిస్తాం, లేకపోతే ఆయిల్ కాగనే కాగదు. వేడిని చంపడం ఎవడి వల్లా కాదు. దాన్ని ఇక్కణ్ణించి అక్కడికి తోలడమే మా పని.

"ఏరా బామ్మర్దీ, ఆయిల్ కాగిందా? పన్లో పని కాఫీ కూడా పెట్టెయ్" అన్నాడు సీట్లోంచి మా బావ. అక్క మొగుడు. బండి నడిపేది ఆయనే.

"నీ నోటికి టేపు అంటిస్తే ఆయిల్ దానంతటదే కాగుతుంది బావా" అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు వెనక దడ నాకు తెలుసు. ఇవాళ బాగా నడిపితే ఈ సీజనంతా ఈ బండి ఆయనదే. ఆ కబురు అక్కకి చెప్పినప్పుడు ఆవిడ చేతిలో గరిట ఆగిపోయింది. "మనిషిని మింగిన బండిరా అది" అంది.

అబద్ధం కాదు. మేమీ పనిలో చేరక ముందు, పోయిన సీజన్లో, ఇందులో ఒక డ్రైవరు కాలిపోయాడు. ఆయిల్ కాగిపోతోందని వైర్‌లెస్‌లో చెప్పాడట. ఓనరేమో ఇంకొక్క రౌండు వెయ్యమన్నాడట. ఆ రౌండులో పైపు పగిలి మంటంటుకుంది. సీటు బెల్టు ఊడలేదు. మనిషి చివరిదాకా వైర్‌లెస్‌లో అరుస్తూనే ఉన్నాడని చెప్పుకుంటారు. తర్వాత బాడీ కొత్తది కట్టించారు. ఇంజన్ మాత్రం అదే.

ఆ ఓనర్ని మేం చాటుగా తొందరయ్య అంటాం. అన్నం ఉడికేదాకా ఆగలేక బియ్యం నమిలే రకం. అలాంటి మనిషి చేతికింద పనంటే నాకూ ఒళ్ళుమంటే. కానీ బావ ఆశ చూసి ఒప్పుకున్నాను. "వెళ్ళేటప్పుడు ఎలా ఉన్నాడో అలాగే తెచ్చి నాకప్పజెప్పు" అంది అక్క, పాపని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి. "పూచీ నాదక్కా" అన్నాను.

తొందరయ్య వెనకనించి వచ్చి నా భుజం మీద తట్టాడు. "ఏమయ్యా, ఇంకా ఎంతసేపు కాస్తావు దాన్ని?"

"నలభై దగ్గరుంది సార్" అంటూ లాప్‌టాప్ వైపు తిరిగాను. వంద చూపిస్తోంది.

బండిలో ఆయిల్ మీటరు ముల్లు చూశాను. అదీ వందే. ఇందాకటి నలభై ఎక్కడికి పోయింది? సెన్సారు చెడిందనుకుని, దూరంనించి వేడి చూపించే గన్ తీసుకుని ఇంజన్ కింద ఆయిల్ ఉండే చాంబర్ మీదకి గురిపెట్టాను. వంద. తొందరయ్య ముఖం చాటంతైంది. "చూశావా, బంగారం లాంటి ఇంజన్! పంపించు" అన్నాడు.

బావ వెళ్ళాడు. రౌండు మీద రౌండు వేశాడు. ఇంజన్ గొంతు చించుకుంటున్నా ఆయిల్ వంద దాటలేదు. వందకి తగ్గలేదు. నా ఇన్నేళ్ళ పనిలో ఒక్కచోట నిలబడ్డ ఆయిల్‌ని నేను చూడలేదు. పక్కన టైర్లు మార్చే పెద్దాయన నిట్టూర్చాడు. "ఇంత బుద్ధిమంతురాలైతే పోయిన సీజన్లో ఆ పని ఎందుకు చేసిందో" అన్నాడు మెల్లగా.

బావ పిట్‌లోకి, అంటే బండ్లు ఆపి చూసుకునే చోటికి, వచ్చి ఆగాక ముందుకెళ్ళి కూలర్ మీద చెయ్యి పెట్టాను. చుర్రుమనాల్సింది. చల్లగా ఉంది. రేకుల మధ్య మంచు పేరుకుంది. వంద డిగ్రీల ఆయిల్ పారుతున్న కూలర్ మీద మంచు...

బావ హెల్మెట్ తీశాడు. ముఖం కందగడ్డలా ఉంది. చెమట ధారలు కడుతోంది. కనురెప్పల వెంట్రుకలు చివర్ల కమిలి ముడుచుకున్నాయి. కాలిన జుట్టు వాసన.

"సీటు కింద కుంపటి పెట్టావేంట్రా?" అన్నాడు. నవ్వబోతే పెదవి చిట్లి నెత్తురు కారింది. నుదుటి మీద చెయ్యి వేశాను. జ్వరం కాదది. పెనం.

"దిగు బావా. ఇవాళ్టికి చాలు."

"ఇంకోసారేరా. తొందరయ్య కళ్ళు చూశావా? సీటు మనకొచ్చేసినట్టే."

తొందరయ్య అప్పటికే చెయ్యూపుతున్నాడు. నేను డోరు పట్టుకుని అడ్డం నిలబడ్డాను. బావ నా వేళ్ళని మెల్లగా విడదీశాడు. గ్లవ్స్ లోంచి కూడా ఆయన వేళ్ళు నన్ను కాల్చాయి. బండి వెళ్ళిపోయింది.

చీకటి పడింది. పొగమంచు ట్రాక్ మీదకి పాకింది. లైట్లు దూరంగా మసకమసకగా కదులుతున్నాయి, మలుపు దగ్గర మాయమై, మళ్ళీ కనబడుతున్నాయి. ఒక్కో రౌండూ ముందుదానికంటే వేగం. తొందరయ్య గంతులేస్తున్నాడు. నేను లాప్‌టాప్ మీంచి చూపు తిప్పలేదు. వంద. వంద. వంద.

వైర్‌లెస్ గరగరలాడింది.

"బామ్మర్దీ..." గుసగుస. "చేతులు... స్టీరింగుకి అంటుకుపోయాయిరా..."

"ఆపెయ్ బావా! ఉన్నచోట ఆపెయ్!"

"కాలు ఎత్తట్లేదు. నా కాలు మీద... ఇంకో కాలుంది..."

తర్వాత మాట లేదు. ఊపిరి మాత్రం. ఒక మనిషి ఊపిరిలా లేదు.

బండి పిట్‌లోకి దూసుకొచ్చింది. వేగం తగ్గలేదు. టైర్ల పెద్దాయన పక్కకి దూకబోయాడు. ముందు చక్రం ఆయన మోకాలి మీంచి పోయింది. తడికట్టె విరిచినట్టు చప్పుడు. బండి గోడకి గీసుకుంటూ, నిప్పులు రాలుస్తూ వెళ్ళి షెడ్డు ముందు ఆగింది. ఇంజన్ మాత్రం ఆగలేదు. బయటున్న ఆపే స్విచ్చి లాగాను. ఆగలేదు. మళ్ళీ లాగాను. స్విచ్చి నా చేతిలోకి ఊడొచ్చింది.

డోరు పట్టుకుంటే అరచెయ్యి చర్మం ఊడింది. గుడ్డ చుట్టుకుని లాగాను.

లోపల బావ ఆవిరి కక్కుతున్నాడు. కాలరులోంచి, గ్లవ్స్ అంచుల్లోంచి తెల్లటి ఆవిరి. గ్లవ్స్ కరిగి స్టీరింగులో కలిసిపోయాయి. బెల్టు బొత్తాం బొటనవేలితో పొడిచాను, గుద్దాను, పళ్ళతో లాగాను. రాలేదు. బెల్టు ఇంకా బిగుసుకుంటోంది. పక్కటెముక ఒకటి టప్‌మంది. బావ అరవలేదు. మెడ నావైపు తిప్పాడు. కళ్ళలో తెల్లగుడ్డు ఉడికినట్టుంది. స్టీరింగు మీంచి ఒక చెయ్యి పీకాడు, చర్మం అక్కడే ఉండిపోయింది. ఆ చేత్తో నా గొంతు పట్టుకున్నాడు.

"ఆయిల్ బాగుంది సార్" అన్నాడు. ఆ గొంతు మా బావది కాదు. చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా ఉంది. "ఇంకొక్క రౌండేగా. వేసొస్తాను."

నా మెడ కాలుతున్న వాసన నాకే తెలుస్తోంది. మోకాలితో ఆయన మోచేతిని పొడిచి విడిపించుకున్నాను. కింద పడ్డాను. బండి ముక్కు ముందు. కూలర్ మీద మంచు ఇప్పుడు వేలు మందాన ఉంది.

అప్పుడు తట్టింది. ఇంజన్ వేడి ఈ జాలీలోంచి గాలికి పోవాలి. పోవట్లేదు. ఆయిల్లోనూ నిలవట్లేదు. అంతా సీట్లోకి పోతోంది. మా బావ ఒంట్లోకి. కూలరు పని ఆయనతో చేయించుకుంటోంది అది.

మరి చలి పీల్చుకునే ఈ మూతి మూసేస్తే? వేడి మళ్ళీ ఆయిల్లోకే తిరగాలి.

అట్టముక్కలు, నా తోలు ఏప్రను, కింద పరిచిన రబ్బరు చాప, ఏది దొరికితే అది జాలీ మీద కప్పి టేపుతో చుట్టాను. చుట్టిన కొద్దీ టేపు ఊడింది. మళ్ళీ చుట్టాను. ఆఖరికి నా ఒళ్ళే అడ్డం పెట్టి అదుముకున్నాను. మంచు పొట్టలోకి సూదుల్లా దిగింది.

షెడ్డులో లాప్‌టాప్ మీద అంకె కదిలింది. నూట ఐదు. నూట ఇరవై.

సీట్లోంచి బావ మూలిగాడు. ఈసారి అది ఆయన మూలుగే. ఏడుపొచ్చింది నాకు. సంతోషంతో.

"ఇంజన్ పోతుంది! తియ్యరా అది!" తొందరయ్య పరిగెత్తుకొచ్చాడు. లోపల మనిషి ఉడికిపోతుంటే ఈయనకి ఇంజన్ గొడవ! నన్ను జుట్టు పట్టి లాగాడు. చేతికందిన పానా తీసి ఆయన మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగింది. ఆగలేదు. రెండోసారి దవడ మీద కొట్టాను. పళ్ళు నేల మీద రాలాయి. నెత్తురు ఉమ్ముతూనే నన్ను తన్ని పక్కకి నెట్టి, మిగిలిన చేత్తో అట్టలు పీకడం మొదలుపెట్టాడు. నూట యాభై. నూట డెబ్బై. మొహం జాలీకి ఆనించి పీకుతున్నాడు.

పైపు పగిలింది.

కాగిన ఆయిల్ ఆయన ముఖం నిండా కొట్టింది. అరవడానికి నోరు తెరిస్తే నోట్లోకీ పోయింది. చేత్తో ముఖం తుడుచుకోబోయాడు. చేతితో పాటు ముఖం కూడా వచ్చింది. మోకాళ్ళ మీద నిలబడే కాసేపు కొట్టుకున్నాడు. మంటంటుకుంది. ఇంజన్ ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో బెల్టు బొత్తాం దానంతటదే టిక్కుమంది.

బావని ఈడ్చుకుని బయటికి లాగాను. మంటలకి దూరంగా, టైర్ల పెద్దాయన పక్కన పడుకోబెట్టాను. ఆయన తన విరిగిన కాలు మరిచిపోయి బావ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "బతికే ఉన్నాడు... బతికే ఉన్నాడు బాబూ..." అంటున్నాడు. నుదురు తాకి చూశాను. చల్లబడింది. మామూలు మనిషి నుదురు.

తొందరయ్య అక్కడే పోయాడు. అబద్ధమెందుకు, నాకు జాలి కలగలేదు. ప్రమాదమని రాసుకుని వెళ్ళిపోయారు వచ్చినవాళ్ళు. బండి సగం కాలి, మిగతా సగం పాత ఇనుము కొట్టుకి వెళ్ళింది. ఇంజన్ని దగ్గరుండి ముక్కలు చేయించాను, సుత్తి దెబ్బలు కొన్ని నేనే వేశాను.

ఆస్పత్రిలో డాక్టరు ఆశ్చర్యపోయాడు. చేతులు తప్ప ఒంట్లో ఇంకెక్కడా కాలిన గాయం లేదు, విరిగిన ఎముక అతుక్కుంటోంది, జ్వరం అన్నదే లేదు. అరచేతులకి కట్లు కట్టి ఇంటికి పంపించేశారు. అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. "మాట నిలబెట్టుకున్నావురా" అంది. ఆ రాత్రి నేను ఎన్నాళ్ళకో కడుపు నిండా తిని ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను.

ఇవాళ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. గొంతు కులాసాగానే ఉంది.

"పాపకి కొంచెం జ్వరంరా. మందు వేశాను గానీ ఇంకా దిగలేదు. మీ బావే పక్కన కూర్చున్నాడు, నుదుటి మీద చెయ్యేసి. చల్లగా ఉందని పాపే వదలనివ్వట్లేదు."

"కట్లున్నాయి కదక్కా, చల్లగా ఎలా ఉంటుంది?"

"అయ్యో, నీకు చెప్పలేదు కదూ! కట్లు పొద్దునే ఊడిపోయాయి. కొత్త చర్మం ఎంత నున్నగా వచ్చిందనుకున్నావు! అరచేతిలో ఒక్క గీత కూడా లేదురా..."

స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. "అక్కా, బావని చెయ్యి తియ్యమను."

"ఆయన నిద్రపోతున్నాడు. కూర్చున్నచోటే. ఇందాకట్నించీ లేపుతున్నా లేవట్లేదు. పోనీలే, అలిసిపోయి ఉన్నాడని..."

"నువ్వు లాగు! ఆ చెయ్యి లాగెయ్యి అక్కా! నేనొస్తున్నాను, ఫోన్ పెట్టకు!"

అక్క ఫోన్ మంచం మీద పెట్టిన చప్పుడైంది. ఆవిడ ఆయాసం వినబడింది. "రావట్లేదేంట్రా..." అంది దూరంగా. గొంతు మారిపోయింది. ఏదో కమిలిన వాసన వస్తోందని అంది. తర్వాత ఆవిడ కేక ఒకటి, సగంలో తెగిపోయి.

నేను పరిగెడుతూనే ఉన్నాను. చెవి దగ్గర ఫోన్లో ఎవరో చాలా దగ్గరగా ఊపిరి తీసుకున్నారు.

"మావయ్యా..." పాప గుసగుసలాడింది. "అరవకు. నాన్న నిద్రపోతున్నాడు. చెయ్యి మాత్రం మెలకువగానే ఉంది."