దీపాలడిగిన విమానం

నేను పైలట్‌ని. సత్తుపల్లి వైపు పామాయిల్ తోటలున్న వెంకటరామారావు గారి నాలుగు సీట్ల చిన్న విమానం నడుపుతాను. పోయిన డిసెంబరులో ఆ ఉద్యోగంలో చేరినప్పుడు నాకూ, మా ఆయన మురళీకృష్ణకూ ఒకటే తగువు. ఎక్కడ ఉందాం? ఆయన పని బొగ్గు గనిలో. సత్తుపల్లిలో సువర్ణ గారి మేడ కిరాయికి చూసిపెట్టాడు. నాకేమో రన్‌వే పక్కనే ఉండాలని. దమ్మపేట దాటాక అడవి అంచున రన్‌వే, దాని చివర రెండు గదుల ఇల్లు. తలుపు తీస్తే ఎదురుగా విమానం. ఇంకేం కావాలి?

"ఒక్క రాత్రి ఉండి చూద్దాం. నచ్చకపోతే సువర్ణ గారింటికే" అన్నాడు మురళి.

సరేనని ఆ రన్‌వే ఇంట్లో దిగాం. సాయంత్రం ఐదున్నరకు టిఫిన్ తేవడానికి ఆయన కారులో దమ్మపేట వెళ్లాడు. రన్‌వే ఊడ్చే సోమ్లి కూడా ఇంటికి బయల్దేరింది. పోతూ పోతూ వెనక్కి వచ్చింది.

"పొద్దుగూకినంక ఆ రన్‌వే లైట్లు ఎయ్యకు బిడ్డా."

"ఏం, ఎందుకు?"

గొంతు తగ్గించింది. "ఎవలో దిగుతరు. ఇంతకుముందు పైలట్ సారు గట్లనే ఏసిండు. తెల్లారి సూస్తే సామానంత ఉంది. సారు లేడు."

నవ్వి ఊరుకున్నాను.

చలి దిగింది. చీకటి ముందు ఇప్పచెట్ల కింద పడింది, తర్వాత మెల్లగా రన్‌వే మీదికి పాకింది. ఎక్కడో ఎండుటాకులు కాలుతున్న వాసన. చెవులు హోరెత్తేలా కీచురాళ్లు. ఉన్నట్టుండి అవన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

అప్పుడు వినిపించింది ఇంజిన్.

చిన్న విమానం. దగ్గుతూ, ఆగి ఆగి నడుస్తోంది. పెట్రోలు అయిపోవస్తున్న చప్పుడు అది, నాకు తెలుసు. ఆకాశంలో ఒక్క దీపమూ లేదు. మా విమానం షెడ్డులోనే ఉంది. బల్ల మీద రేడియో గరగరమంది.

"లైట్లు... లైట్లు ఎయ్యండి... ఇంటికి పోవాలె..."

మగ గొంతు. బాగా అలిసిపోయిన గొంతు.

స్విచ్ మీద చెయ్యి పెట్టి ఆగాను. సోమ్లి మాట గుర్తుంది. కానీ పైన నిజంగానే మనిషి ఉంటే? చీకట్లో చెట్లను గుద్దుకుంటే? పైలట్‌నై ఉండి ఆ పాపం మోయలేను.

వేశాను.

రెండు వరుసల దీపాలు వెలిగాయి. టైర్లు నేలను తాకి కీచుమన్నాయి. దుమ్ము లేచింది. విమానం మాత్రం కనిపించలేదు. అన్నిటికంటే దూరాన ఉన్న దీపం ఒక్క క్షణం మరుగై, మళ్లీ కనబడింది. తర్వాత దాని ఇవతలిది. తర్వాత ఇంకొకటి... ఏదో వాటికి అడ్డంగా, నా వైపే వస్తోంది.

ఇంటి ముందు ఆగింది. ఇంజిన్ ఆగింది. కాలిన ఇనుము చల్లారుతూ టిక్... టిక్... పెట్రోలు వాసన. తలుపు తెరుచుకున్న చప్పుడు.

మెట్టు మీద అడుగు.

ఇంకో అడుగు...

నా చెవి పక్కనే గుసగుస. "నువ్వు ఉండేది ఈడనేనా?"

"కాదు" అన్నాను. "సత్తుపల్లిలో... సువర్ణ గారి మేడ..."

ఎందుకు చెప్పానో నాకిప్పటికీ తెలియదు.

ఇంక ఏ చప్పుడూ లేదు. అంతలో మురళి కారు వెలుగు గోడ మీద పడింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి ముందు సీట్లో పడ్డాను. నా మొహం చూసి ఆయన కారు సత్తుపల్లి వైపు తిప్పాడు. దారిలోనే సువర్ణ గారికి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పాడు.

ఎనిమిదింటికి సత్తుపల్లి చేరాం. సువర్ణ గారు తాళంచెవి పట్టుకుని గుమ్మంలోకొచ్చి, "గిప్పుడే వచ్చిన్రా? రాండ్రి, లోపలికి రాండ్రి" అన్నారు.

ప్రాణం కుదుటపడింది. టిఫిన్ పొట్లాలు తీయడానికి మురళి వెనక తలుపు తెరిచి, అలాగే నిలబడిపోయాడు.

"ప్రసూనా... ఈ బెల్టు నువ్వు పెట్టినవా?"

వెనక సీట్లో ఎవరూ లేరు. బెల్టు మాత్రం పెట్టి ఉంది. సీటుకు ఆనుకుని లేదు. జానెడు ఎడంగా, గాలిలో బిగుసుకుని ఉంది. మెల్లగా వదులవుతోంది, మళ్లీ బిగుస్తోంది... ఊపిరి తీస్తున్నట్టు.

మేం చూస్తుండగానే, టక్కుమని ఊడింది.