సీడార్ కొమ్మకు ఉయ్యాల

వాంకూవర్ ఐలాండ్ అడవిలో ఆ ముసలి సీడార్ చెట్టు దగ్గర చీకటి పడ్డాక నిలబడకూడదంటారు. పసిబిడ్డ ఏడుస్తుందట! పదిమంది చేతులు పట్టుకున్నా చుట్టు అందని మాను. మనవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఆ సంగతి వేల మైళ్ల అవతలున్న మిల్టన్ ఊరి దాకా పాకింది.

అక్కడ విన్నవాళ్లంతా భయపడితే ఝాన్సీలక్ష్మికి ఆశ పుట్టింది.

"బిడ్డ ఏడుస్తుందంటే అది బిడ్డల్నిచ్చే చెట్టేనండీ," అంది భర్త వంశీధర్‌తో. రెండుసార్లు కడుపు పోయిన మనిషి... కాదనలేక ఫ్లైట్ ఎక్కించాడు.

నాచు వేలాడే కొమ్మలు, కాలు పెడితే దిగబడే నేల, సాయంత్రానికే మసక. ఝాన్సీలక్ష్మి జాకెట్టు ముక్కతో కొమ్మకు చిన్న ఉయ్యాల కట్టింది. అందులో గులకరాయిని పడుకోబెట్టి దణ్ణం పెట్టింది. వెనకాల వస్తున్న తెల్లవాళ్లు ఆగి చూశారు. ఒకావిడ ఫోన్ తీసి వీడియో కూడా మొదలెట్టింది. వంశీధర్‌కి తల కొట్టేసినట్టయింది.

కార్ దగ్గరికొచ్చాక, "గొడుగు మర్చిపోయా," అని అబద్ధమాడి ఒక్కడే వెనక్కి వెళ్లాడు. ముడి విప్పాడు. రాయిని పొదల్లోకి విసిరేశాడు. గుడ్డ జేబులో కుక్కుకున్నాడు. 'అడవిలో ఏమీ వదలొద్దని బోర్డుందిగా,' అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

చీకటి పడింది. గాలి లేచింది. ఎక్కడో... పైన... సన్నగా —

ఏడుపు!

పసిబిడ్డ ఏడుపే. ఆగుతోంది... గుక్క తిప్పుకుని మళ్లీ మొదలెడుతోంది...

వంశీధర్ ఒళ్లు జలదరించింది. పడుకోబెట్టిన బిడ్డని తీసి విసిరేశాను కదా! మోకాళ్ల మీద పడి, బురదలో, తడి ఆకుల్లో ఆ రాయి కోసం తడిమాడు. దొరకలేదు.

"తప్పయిపోయింది తల్లీ..."

ఫోన్ టార్చ్ పైకెత్తాడు. సీడార్ మీదికి ఒరిగిపోయిన ఇంకో చెట్టు — గాలి వీచినప్పుడల్లా మానుకు మాను రాసుకుంటోంది. ఏడుపు అక్కడిదే. ఇంతేనా! ప్రాణం లేచొచ్చి, ఒక్కడే పిచ్చివాడిలా నవ్వుకున్నాడు.

వెనక అడుగుల చప్పుడు. ఎంతకీ రాలేదని ఝాన్సీలక్ష్మి వెతుక్కుంటూ వచ్చింది.

"విన్నారా?" అంది గుసగుసగా. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా వెలుగు. "కట్టగానే పలికిందండీ!"

"ఝాన్సీ, అది..."

"మీకింకా చెప్పలేదు. మళ్లీ నెల తప్పింది. మూడోసారి కూడా పోతే మీ మొహం చూడలేనని... ఇక్కడ మొక్కుకున్నాకే చెబుదామనుకున్నా. ఇంక ఫర్వాలేదు, ఈసారి నిలబడుతుంది."

అతని చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది.

"ఏదీ, ఆ టార్చ్ ఇటు వెయ్యండి. మన ఉయ్యాల ఒక్కసారి చూసుకుని వెళ్దాం."

వంశీధర్ టార్చ్ ఆర్పేశాడు.

"చార్జ్ అయిపోయింది," అన్నాడు.