ఆఖరి కొలత

డ్రిల్లు మాస్టారు కొత్త కోటు తొడుక్కుని గట్టిగా ఊపిరి పీల్చాడు. బొత్తాం ఒకటి ఎగిరి, అప్పుడే టైలరింగ్ షాపులోకి అడుగుపెట్టిన కంప్యూటర్ కుర్రాడి నుదుటికి తగిలింది.

"వెళ్లాల్సిన చోటికే వెళ్లింది," అంది కటింగ్ మాస్టరమ్మ. షాపులో గుడ్డ కోసేది ఆమె, కుట్టేది వాళ్ల నాన్న. "ఈ మాస్టారు సన్నగా ఉన్నప్పటి కొలతండీ ఇది! అంతా మీ నిర్వాకమే. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకండి!"

పాపం, కుర్రాడు మంచే చేయబోయాడు. షాపు కంప్యూటర్లో ఒక్కో కస్టమర్‌వి పాత కొలతలూ కొత్త కొలతలూ కుప్పగా పడి ఉంటే, మనిషికి ఒక్క కొలత, అదీ అన్నిటికన్నా కొత్తది మాత్రమే మిగిలేలా చేసిపెడతానని తనే ఎగేసుకుంటూ ముందుకొచ్చాడు. ఎందుకొచ్చాడో వీధి వీధంతటికీ తెలుసు, ఆమెకి తప్ప.

"ఒక్క పావుగంట ఇవ్వండి. పాత కొలతలన్నిటి కాపీ దాచే ఉంచాను," అని బతిమాలి కూర్చున్నాడు. కాసేపటికి తల బాదుకున్నాడు.

"తేదీని కంప్యూటర్ తేదీలా చదవలేదండీ, ఉత్త అక్షరాల్లా చదివింది. రెండో తారీఖు కన్నా ముప్ఫై ఒకటో తారీఖు పెద్దది కదా అని, ఏ ఏడాదో చూడకుండా దాన్నే కొత్తదనుకుంది."

"అది అనుకుంది సరే, మీరేం చేస్తున్నారు?"

"ఆ రోజు నా ధ్యాస వేరే చోట ఉందండీ."

"ఎక్కడ?"

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. గబగబా తేదీలన్నీ సరిచేశాడు. ఎవరి కొలతలు వాళ్ల గుంపులో చేర్చి, కొత్తది పైకొచ్చేలా పేర్చాడు. ఇక పైదొక్కటి ఉంచి మిగతావి తీసేయడమే తరువాయి.

"ఆగండాగండి! ఈ గుంపేంటి ఇంత పొడుగుంది?" ఆమె తెర మీదికి వంగింది. "ఇది మీదే కదా! నెల నెలా చొక్కాలా?"

"త్వరగా చిరిగిపోతున్నాయండీ..."

"ఎవడ్రా నా కుట్టు చిరుగుతుందన్నది?" లోపల్నుంచి నాన్న కేక.

ఆమె నవ్వాపుకుంది. "అన్నీ ఒకటే కొలత. ఆఖరిదాంట్లో మాత్రం ఛాతీ అంగుళం పెరిగిందే?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "ఆసారి మీ నాన్నగారికి బదులు మీరే టేపు పట్టుకుని దగ్గరకొచ్చారు కదా, ఊపిరి వదలడం మర్చిపోయాను. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

కుట్టు మిషను టక్కున ఆగింది. బయట చినుకులు మొదలయ్యాయి.

"అయితే ఆ కొలత తప్పన్నమాట," అంది ఆమె, టేపు చేతిలోకి తీసుకుంటూ. "లేవండి. కొత్తది తీయాలి."

"గడప తొక్కొద్దన్నారుగా..."

"అది పాత మాట. కొత్తదొక్కటే ఉంచాలని మీరేగా చెప్పింది?"

"మరి కొత్త మాటేంటండీ?"

"రోజూ రండి. చొక్కా వంక లేకుండా రండి."

"మీ ఇద్దరి సంగతీ బాగానే ఉంది," అన్నాడు డ్రిల్లు మాస్టారు, "ముందు నన్నీ కోట్లోంచి బయటికి లాగండమ్మా!"

"అమ్మాయ్!" మళ్లీ నాన్న గొంతు. "ఎలాగూ టేపు పట్టావు కదా, అబ్బాయి పెళ్లి కోటుకి కూడా కొలత తీసేయ్!"

కుర్రాడు మళ్లీ ఊపిరి బిగబట్టాడు. ఛాతీ అంగుళం ఎక్కువే వచ్చింది. ఆమె దాన్నే రాసుకుంది.